పాత పళ్ళ మీద కొత్త చైను

టక్కుమని చైను జారింది. పెడల్ ఒక్కసారిగా కిందికి పడిపోయి సంతోషమ్మ మోకాలు హ్యాండిల్‌కు కొట్టుకుంది.

ఆరూ ముప్పై ఎనిమిది. బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు సరిగ్గా ఏడింటికి మూస్తారు. ఇంకా రెండు కిలోమీటర్లు ఉంది, అందులో సగం మిట్ట. ఈ సీజన్‌లో ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి అయితే కార్డు లాక్కుంటారు. సీజన్ మధ్యలో తమంతట తామే మానుకున్న వాళ్ళకైతే, ఫ్యాక్టరీ పట్టి ఉంచిన పది రోజుల కూలి కూడా రాదు. రోజుకు నాలుగు వందల ఇరవై.

మళ్ళీ తొక్కింది. మళ్ళీ టక్కుమంది. నిన్న సాయంత్రం వేయించిన కొత్త చైను!

ఆ రెండు ఆలస్యాలూ పాత చైను వల్లే. సాగిపోయి ఊడిపోయేది. అందుకే నిన్న చిన్నబ్బ సైకిల్ షాపుకు పోయింది. అతను వెనక చక్రం తిప్పి చూపించాడు.

"సూడక్కా, ఫ్రీవీలు పండ్లు అరిగి సూదుల మాదిరి అయిపోయినాయి. పెడల్ కాడుండే పండ్ల చక్రం గూడా అంతే. చైనుతో కలిపి మూడూ మార్సల్ల."

"మూడింటికీ ఎంతప్పా?"

"తొమ్మిదొందల యాభై. చైను ఒకటే అయితే నూటెనభై."

"పదేండ్ల సైకిలుకు పెండ్లికూతురు సింగారమా! చైను ఒకటే ఎయ్యి. కొత్తది కొత్తగానే పోతాది గదా."

"పోతాది, మిట్ట వచ్చేదాకా" అని నవ్వాడు చిన్నబ్బ.

పాత చైనును అతను పాత ఇనుములో పడేయబోతే ఆమె లాక్కుంది. దడి తలుపు కట్టుకోవడానికైనా పనికొస్తుందని సంచిలో వేసుకుంది.

ఇప్పుడు అది సంచిలో అన్నం క్యారియర్ కింద ఉంది. పదేళ్ళు ఆ పళ్ళతో కలిసి అరిగిన చైను. ఊడితే ఊడేది కానీ, మిట్ట మీద ఎప్పుడూ జారలేదు.

సైకిల్‌ను రోడ్డు పక్కన తలకిందులుగా నిలబెట్టింది. కాయలు కోసే కత్తి మొనతో కొత్త చైను లింకు ఊడదీసింది. పాతది ఎక్కించింది. ఆరూ నలభై ఏడు. చైను కిర్రుమంది, మూలిగింది, జారలేదు. మిట్ట ఎక్కేసింది.

ఆరూ యాభై ఆరుకు గేటు ముందు దిగింది.

"రా పెద్దమ్మా, ఇంకా నాలుగు నిమిషాలుండాయి" అన్నాడు వాచ్‌మన్ ఇమ్మానుయేల్.

అతని వెనక సూపర్‌వైజర్ రఘునాథ్ నిలబడి ఉన్నాడు. "సేతులు సూపీ."

మోచేతుల దాకా నల్లటి గ్రీజు.

"ఈ సేతుల్తో పండు ముట్టుకుంటావా? మన గుజ్జు పైదేశాలకు పోతాది. కడుక్కోని రా."

"కొళాయి లోపల గదా సార్ ఉండేది!"

"మురికి సేతుల్తో లోపలికి రాకూడదు."

"అట్లయితే యాడ కడగల్ల?"

"సార్, సబ్బు ముక్క తెచ్చిస్తా" అన్నాడు ఇమ్మానుయేల్.

"నీది గేటు పనా, సబ్బు పనా?"

సంతోషమ్మ రోడ్డు పక్కకు పరిగెత్తింది. మట్టితో రుద్దింది. ఎండుటాకులతో రుద్దింది. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళన్నీ పోసుకుంది. గ్రీజు పోలేదు. గోళ్ళలోకి, చేతి గీతల్లోకి ఇంకింది.

సైరన్ మోగింది. గేటు మూసుకుంది.

రఘునాథ్ కమ్మీల సందులోంచి ఒక కాగితం చాపాడు.

"ఏంది సార్ అది?"

"నీయంతట నువ్వే పని మానుకున్నట్టు. వేలిముద్ర ఎయ్యి."

"నేను మానుకోలేదే! ఈడ్నే ఉండా గదా!"

"మూడు లేట్లు అయినాయి. రూలు."

"ఎయ్యకపోతే?"

"రేపు గేటు తియ్యం. ఏసినా తియ్యంలే. ఊరికే టైము పాడుసెయ్యొద్దు." ఇంకుప్యాడ్ కోసం జేబు తడుముకున్నాడు. ఆమె చేతిని చూసి నవ్వాడు. "ఇంకు గూడా అక్కర్లేదు. ఏలు రెడీగా ఉండాది. అద్దు."

ఇమ్మానుయేల్ నేల చూపులు చూస్తున్నాడు. లోపల బెల్టు మీద కాయలు దొర్లుతున్నాయి. సంతోషమ్మ బొటనవేలు చూసుకుంది. ఆ ఒక్క ముద్రతో పది రోజుల కూలి పోతుంది. మెల్లగా దాన్ని లోపలికి మడిచి పిడికిలి బిగించింది.

"నేను మానుకోలేదు" అంది.

వెనక హారన్ మోగింది. తోతాపురి కాయల లారీ. ఇమ్మానుయేల్ రెండు తలుపులూ బార్లా తెరిచాడు.

"సైకిల్ తియ్యి! పక్కకు జరుగు!" అరిచాడు రఘునాథ్.

ఎటు జరగాలో ఆమెకు తెలియలేదు. పిడికిలి మాత్రం విప్పలేదు.