ఆవిరిలో ఆఖరి స్నానం

సెలవు దొరికిన ప్రతి ఆదివారం ఐజక్ మూడు బస్సులు మారి ఉమ్ అల్ క్వైన్ వెళ్ళేవాడు, స్నానం చెయ్యడానికి. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో అతనుండే గదిలో కుళాయి లేక కాదు. వేడినీళ్ళూ వస్తాయి, చన్నీళ్ళూ వస్తాయి, ఎండాకాలంలో అయితే చన్నీళ్ళ కుళాయిలోనూ వేడినీళ్ళే వస్తాయి. ఐజక్ నరసాపురం మనిషి, గల్ఫ్‌లో ఆ సిటీ క్లినిక్‌లోనే నర్సు. "అంత దూరం స్నానానికా?" అని తోటివాళ్ళు నవ్వితే, "ఆయ్, గోదారి స్నానం అనుకోండి," అనేవాడు. అలా అన్నప్పుడు అతని మొహంలో మాత్రం నవ్వుండేది కాదు.

అతను వెళ్ళే హమామ్, అంటే ఆవిరి స్నానాల చోటు, ఇండస్ట్రియల్ ఏరియాలో ఉండేది. టైర్ల కొట్టుకీ, లేబర్ క్యాంపు గోడకీ మధ్య ఇరుక్కున్న రేకుల షెడ్డు. ఒకప్పుడు అది ఓడల సిబ్బంది బట్టలు ఉతికే లాండ్రీ. లాండ్రీ మూతపడ్డాక బాయిలర్ మిగిలింది. ఆదోని నుంచి వచ్చి అందులో ఇస్త్రీ చేసిన కరీముల్లాకి అంత మంచి బాయిలర్‌ని తుప్పుకి వదలబుద్ధి కాలేదు. నాలుగు రాతి అరుగులు కట్టించి, మగవాళ్ళ హమామ్ అని బోర్డు పెట్టాడు. మొదట్లో ఒళ్ళు నొప్పులవాళ్ళు వచ్చారు. తర్వాత్తర్వాత, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే, మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళు రావడం మొదలైంది. పఠాన్లు, మలయాళీలు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, సూడాన్ వాళ్ళు, మన జగిత్యాల వాళ్ళు. ఆ సంగతి బయటపడితే ఇక్కడ జైలు, ఆ తర్వాత విమానం. కరీముల్లా ఎవర్నీ ఏమీ అడిగేవాడు కాదు. తువ్వాలు ఇచ్చేవాడు, సబ్బు ముక్క ఇచ్చేవాడు, "తలుపు ఎయ్యప్పా, ఆవిరి పోతాంది," అనేవాడు. అరబ్బు దేశంలో అంతకు మించిన మర్యాద వాళ్ళకి ఇంకెక్కడా దొరకలేదు. సొంత ఊళ్ళలో మాత్రం దొరికిందా ఏమిటి!

ఇక్కడికి మళ్ళీ రాలేకపోయినవాళ్ళు ఆవిరిలో కనిపించేవాళ్ళు. వీసా రక్తపరీక్షలో తేడా వచ్చిందని విమానం ఎక్కించేస్తే వెళ్ళిపోయినవాళ్ళు, ఇంటికి పిలిచి పెళ్ళి చేసేస్తే మళ్ళీ రానివాళ్ళు, కట్టే మేడ మీంచి జారిపడ్డవాళ్ళు. చివరిసారి ఈ దేశంలో ఎలా ఉన్నారో అలాగే వచ్చి అరుగుల మీద కూర్చునేవాళ్ళు. బాయిలర్ వేడెక్కగానే అందరికంటే ముందు మంగలి అజ్మల్ తేలేవాడు, మోచేతి మడతలో రక్తపరీక్ష దూది అలాగే నొక్కిపట్టుకుని. "అజ్మల్ భాయ్, కొంచెం జరుగు," అంటే జరిగేవాడు. బయటికొచ్చే ముందు వాళ్ళ వీపుల మీద కూడా ఓ మగ్గు నీళ్ళు పోసి రావాలి. అది అక్కడి పద్ధతి.

ఐజక్ వచ్చేది వెంకట్రాములు కోసం.

రాములు జగిత్యాల వైపు మనిషి, పక్క క్యాంపులో ప్లాస్టరింగ్ మేస్త్రీ. ఇద్దరికీ ఈ హమామ్‌లోనే పరిచయం. రాములు వీపు మీద సిమెంటు మరకలు రుద్దుతూ ఐజక్ తిట్టేవాడు, తిట్టించుకోవడం కోసం రాములు ఇంకొంచెం సిమెంటు పూసుకొచ్చేవాడేమో కూడా. నలుగురిలో అడిగితే ఇద్దరూ ఒకటే మాట చెప్పేవాళ్ళు, "మా ఊరోడు". నరసాపురం ఎక్కడ, జగిత్యాల ఎక్కడ! ఒకడు 'ఆయ్' అంటాడు, ఒకడు 'గిట్ల' అంటాడు. అయినా గల్ఫ్‌లో తెలుగువాళ్ళకి అదో అలవాటు. ఏమని చెప్పాలో తెలియని మనిషిని ఊరోడు అనేస్తే ఇంకెవరూ ఆరా తియ్యరు. ఆ సుళువే చివరికి వాళ్ళ కొంప ముంచింది.

ఒకసారి ఇక్కడే అరుగు మీద పడుకుని రాములు వాళ్ళ నాన్న చావు గురించి చెప్పాడు. "మా దిక్కు పాడెను నడుమల దించి చెవుల మూడుసార్లు పిలుస్తరు. కొడుకైతె బాపూ అని, తమ్ముడైతె అన్నా అని. ఎవని వరస వాడు పెట్టి పిలవాలె. పానముంటె లేస్తడని."

"నిజంగా లెగిస్తే ఏం చేస్తారేంటి?"

"ఏం చేస్తరు? చాయ తాపిస్తరు," అన్నాడు రాములు. ఇద్దరూ ఒకటే నవ్వు.

2020 వేసవిలో కరోనా క్యాంపుల్లోకి వచ్చింది. రాములు ఫోన్ చేశాడు. "ఒళ్ళు కాలుతున్నది ఐజక్. సార్‌కు చెప్పిన. కరోనా అని తేలితె సైటు బందైతదట. గోలీ ఏసుకొని బస్సెక్కుమన్నడు."

ఆ సార్ పేరు మహీధర్. క్యాంప్ బాస్. విజయవాడలో పెద్ద చదువు చదివినవాడు, చొక్కా నలగనివ్వడు. ఈ మహానుభావుడూ హమామ్‌కి వచ్చేవాడు, వెనక తలుపు నుంచి, మొహం మీద తువ్వాలు కప్పుకుని. ఆవిరిలో మొహాలు కనపడవని వాడి ధీమా. గొంతు వినపడుతుందిగా! రాములు చేత వీపు రుద్దించుకున్న ఆదివారాలు కూడా ఉన్నాయి.

ఆ రోజంతా రాములు గోడలు పూశాడు. బస్సులో తిరిగొచ్చి, స్నానాల గది దాకా నడిచే ఓపిక లేక, ఒంటి మీద సిమెంటుతోనే మంచమెక్కాడు. మళ్ళీ దిగలేదు.

కబురు తెలిసి ఐజక్ క్యాంపు గేటు దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. "నేను నర్సునండి. కరోనా వాళ్ళ మధ్యే పనిచేస్తున్నాను. డ్రెస్సు వేసుకుని ఒక్క స్నానం చేయించి పంపుతాను. ఇంకేం అడగను."

మహీధర్ మాస్కు సర్దుకుని, "నువ్వతనికి ఏమవుతావు?" అన్నాడు.

ఏమవుతాడో మహీధర్‌కి తెలుసు. తెలిసే అడిగాడు. చుట్టూ క్యాంపు మనుషులు చూస్తున్నారు. ఐజక్ నోట్లోంచి అలవాటైన మాటే వచ్చింది. "మా ఊరోడండి."

"ఊరోళ్ళు లోపల యాభై మంది ఉన్నారు బ్రదర్. బ్లడ్ రిలేషన్ అయితే చెప్పు. లేదంటే ఖలాస్."

నీళ్ళచుక్క తగలకుండానే రాములుని సంచిలో పెట్టి జిప్పు లాగేశారు. బూడిద డబ్బాలో జగిత్యాల వెళ్ళింది.

కరోనా సద్దుమణిగి హమామ్ తెరిచిన రోజున రాములు మూల అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తల నుంచి పాదాల దాకా సిమెంటు, కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి. మిగతావాళ్ళు జరగమంటే జరుగుతారు. ఇతను జరగడు, పలకడు. ఐజక్ చెంబులకి చెంబులు పోశాడు. పీచుతో రుద్దాడు, వెనిగర్ పోసి రుద్దాడు. ఐదేళ్ళు రుద్దినా పిసరు సిమెంటు రాలలేదు. ఆ ఐదేళ్ళలో అతని కోపం కూడా తరగలేదు. క్లినిక్‌లో ఎవరైనా జ్వరమని కూర్చుంటే ముందు, "ఎవడు పంపాడు నిన్ను డ్యూటీకి?" అని అరిచేవాడు. అందరూ ఐజక్‌ది నోరు చెడ్డది, చెయ్యి మంచిదని సర్దుకుపోయేవాళ్ళు.

పోయినేడాది రాములు పనిచేసిన కంపెనీ ఆ షెడ్డుని కూడా లీజుకి తీసుకుంది. బాయిలర్ పీకేసి మంచాలు వేస్తారట, మూడంతస్తులవి. ఆఖరి ఆదివారం కరీముల్లా ఆవిరిలో ఉన్నవాళ్ళందరికీ తనే ఒళ్ళు రుద్ది, "ఇంక పోయి రాండప్పా," అని సాగనంపాడు. ఒక్కొక్కరే పైకప్పు కన్నంలోంచి తేలికగా వెళ్ళిపోయారు. అజ్మల్ దూది తీసి అరుగు మీద పెట్టి మరీ వెళ్ళాడు. రాములు ఒక్కడే మిగిలాడు.

"బాయిలర్ ఆరిపోతే ఇతను ఏమవుతాడు తాతా?" అని అడిగాడు ఐజక్.

"కడగకుండా మిగిలినోడు గోడలోకి పోతాడు నాయనా. చెమ్మగా ఉండిపోతాడు. ఆ గోడకే మంచం ఏస్తారు వీళ్ళు."

తనని చంపిన కంపెనీ గోడలో, రాములు! ఐజక్ చెంబు నేలకేసి కొట్టాడు. "ఐదేళ్ళ నుంచి పోస్తున్నాను కదా! ఇంకెన్ని నీళ్ళు పొయ్యాలంట?"

కరీముల్లా వంగి చెంబు తీసి సొట్ట తడుముకుంటూ అన్నాడు. "నువ్వు పోసేది ఒట్టి స్నానం. ఆయప్పకి కావాల్సింది ఆఖరిది. మా దాంట్లో ఆ స్నానం చేయించాలన్నా కొడుకో, అన్నదమ్ముడో, పెండ్లామో ఉండల్ల. ఊరోడు పోస్తే ఆ నీళ్ళు దిగవప్పా. వరస చెప్పు."

ఐజక్ పీచు తీసి మళ్ళీ రాములు భుజం రుద్దాడు. ఆ మాట ఈ దేశంలో పైకి అనడమంటే ఏమిటో అతనికి తెలుసు. ఉద్యోగం, వీసా, జైలు, నరసాపురంలో చర్చి మెట్ల మీద అమ్మ తలదించుకోవడం, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. కొలతల టేపు పట్టుకుని మహీధర్ వచ్చాడు, బూట్లతోనే. ఈ తలుపు నుంచి తువ్వాలు లేకుండా రావడం అతనికి ఇదే మొదటిసారి.

"ఇంకా ఖాళీ చెయ్యలేదా? యల్లా, యల్లా," అని టేపు లాగుతూ మూలకొచ్చి, రాములుని చూసి ఆగాడు. చూసి కూడా, అడ్డమొచ్చిన సామాన్ని చూసినట్టు, "ఇతన్ని కొంచెం పక్కకి జరపండి. ఇక్కడ ఆరు మంచాలు రావాలి," అన్నాడు.

పక్కకి జరపాలట! ఐజక్‌కి భయం ఎక్కడికి పోయిందో పోయింది. కరీముల్లా చేతిలో సొట్ట చెంబు లాక్కుని నిండా ముంచాడు. రాములు చెవి దగ్గర నోరు పెట్టి, గోడలు అదిరేలా పిలిచాడు.

"ఏవయ్యా! నా మొగుడా! లెగు!"

చెంబు నీళ్ళు నెత్తి మీద పోశాడు. నుదుటి మీద సిమెంటు పగిలి, వెంట్రుకలు నల్లగా బయటపడ్డాయి.

మహీధర్ మొహం పాలిపోయింది. "ఏయ్, ఏం వాగుతున్నావ్? బుద్ధుందా? పక్కనే క్యాంపు ఉంది."

"వినబడాలనే అంటున్నాను. ఆ రోజు అడిగావుగా, ఏమవుతావని? విను." మళ్ళీ ముంచాడు. "నా మొగుడా! లెగవయ్యా!"

భుజాలు, ఛాతీ, చేతులు బయటికొచ్చాయి. బూడిదరంగు నీళ్ళు అరుగు దిగి నేల మీద పారాయి.

"పోలీసులకి ఫోన్ చేస్తా. ఇంకొక్కసారి అన్నావంటే జైలుకే," మహీధర్ ఫోన్ తీశాడు.

"చెయ్యి. వాళ్ళ ముందు కూడా పిలుస్తాను." ఐజక్‌కి కోపంతో ఏడుపొచ్చింది, ఏడుపుతో ఇంకా కోపమొచ్చింది. మూడో చెంబు ఎత్తాడు. "నా మొగుడా! ఐదేళ్ళయిందయ్యా! లెగు!"

రాములు కళ్ళు తెరిచాడు. ఒళ్ళంతా శుభ్రంగా, ఆదివారం స్నానం అయిన మనిషిలా ఉన్నాడు. ముందు మహీధర్ వైపే చూశాడు. అప్పట్లో ఎంత మెల్లగా మాట్లాడేవాడో అంతే మెల్లగా అన్నాడు.

"సార్, ఇయ్యాల జ్వరమున్నది. డ్యూటీకి రాను."

మహీధర్ వెనక్కి అడుగు వెయ్యబోయాడు. బూడిద నీళ్ళు అతని బూట్ల చుట్టూ చేరి గట్టిపడ్డాయి. సిమెంటన్నాక గట్టిపడుతుంది.

రాములు ఐజక్ వైపు తిరిగాడు. "చాయ పెట్టవార?"

ఐజక్ పరుగెత్తాడు. గుమ్మం దగ్గరున్న కరీముల్లా స్టవ్ మీద టీ మరిగించి, చేతులు కాలుతున్నా గ్లాసు పట్టుకుని వచ్చాడు. రాములు ఊదుకుంటూ తాగాడు, చక్కెర తక్కువైందన్నాడు, ఖాళీ గ్లాసు ఐజక్ చేతిలో పెట్టాడు. ఆ తర్వాత పైకప్పు కన్నంలోంచి వెలుతురు పడింది, అరుగు ఖాళీగా, ఆరిపోయి ఉంది. చెయ్యి పెట్టి చూస్తే గోడ కూడా పొడిగా ఉంది.

మహీధర్ బూట్లు వదిలేసి వట్టి కాళ్ళతో పారిపోయాడు. అడుగేసిన చోటల్లా సిమెంటు పాదం పడింది. కడిగితే పోలేదు, గీకితే పోలేదు. పోలీసులకి చెబుదామంటే, హమామ్ నుంచి మొదలయ్యే ఆ అడుగులకి ఏం సమాధానం చెబుతాడు? దానికి తోడు పాత ఆదివారాల అడుగులు కూడా తేలడం మొదలుపెట్టాయి. క్యాంపు ఆఫీసు గుమ్మం నుంచి హమామ్ వెనక తలుపుకి ఒక బాట, ఎన్నేళ్ళదో. కంపెనీ పెద్ద మేనేజరు, ముదీర్ అంటారు, ఆ బాటని చూశాడు, మహీధర్‌ని చూశాడు, ఏమీ అడగలేదు. అదే నెలలో మహీధర్ టికెట్ కొనుక్కుని వెళ్ళిపోయాడు. విమానాశ్రయం దాకా అడుగులు ఉన్నాయంటారు.

షెడ్డులో మంచాలు పడ్డాయి. కరీముల్లా ఆదోని వెళ్ళిపోయాడు, చెంబు ఐజక్‌కి ఇచ్చి. ఆఫీసు గుమ్మం ముందు సిమెంటు పాదాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఒంట్లో బాగాలేని మనిషి వెళ్ళి వాటి మీద నిలబడి, "సార్, ఇయ్యాల జ్వరమున్నది. డ్యూటీకి రాను," అంటాడు. కొత్త క్యాంప్ బాస్ కిందికి చూసి, సరే అంటాడు. ఇంతవరకు కాదన్నది లేదు.

మొన్న ఆ క్యాంపు నుంచి ఒక జగిత్యాల మనిషి ఐజక్ పనిచేసే క్లినిక్‌కి వచ్చాడు. జ్వరం చూస్తుంటే మాటల్లో చెప్పాడు. "గా మాట ఎవరో రాములన్న నేర్పిండట సార్. మీకు ఎర్కేనా ఆయన?"

గది నిండా జనం ఉన్నారు. ఐజక్ థర్మామీటర్ విదిలించి, అందరికీ వినపడేటట్టే అన్నాడు.

"ఎందుకు తెలీదు? మా ఆయనే."