గడ్డపార కొస

కొత్తకోట చుట్టుపక్కల కురుమయ్య రెక్కల బలం తెలియని మనిషి లేడు. ఏటా ఉగాది పందెంలో నిండు బస్తా అంత బరువున్న గుండును భుజం మీదికెత్తి వెనక్కి విసిరేసేవాడు. ఆ పేరు కాస్తా తలకెక్కింది. గొర్రెలు కాసుకునే ఇల్లు, బావి తవ్వడం చేతకాని పని. అయినా పందొమ్మిది వందల యాభై ఎనిమిది ఎండాకాలంలో, రాళ్ల పని తెలిసిన వడ్డెరలను పిలవకుండా తానే దిగాడు. పదేళ్ల కింద తండ్రి బాలయ్య సగం తవ్వి, అందులోనే ప్రాణం విడిచిన బావి అది.

మూడో రోజు పొద్దున గట్టు మీది బండ జారింది. కింద తట్టకు మన్నెత్తుతున్న అతని భార్య సైదమ్మ కాలు దాని కింద పడింది. ఆమె ఒక్కసారే అరిచింది. ఆ తర్వాత అరవకపోవడమే కురుమయ్యకు ఎక్కువ భయం పుట్టించింది.

చేతిలోని గడ్డపార అవతల పారేసి దూకాడు. బండను కౌగిలించుకుని లాగాడు. పక్క చేను రామచంద్రం పరుగున వచ్చి తనూ ఓ చెయ్యి వేశాడు. గోళ్లు లేచిపోయాయి గాని బండ వెంట్రుకవాసి కదల్లేదు. బాపు బాలయ్య కూడా ఇలాగే, ఇక్కడే, బండ కింద పడి, తనతో సహా అయిదుగురు లాగుతుంటే కళ్లముందే పోయాడు. అయినా మళ్లీ బండకే చేతులు చుట్టాడు.

"జరుగుండ్రి," అంది వెనక నుంచి ఎవరో.

అంబలి తెచ్చి, బావిలోకి దిగొచ్చిన తల్లి హనుమమ్మ. ఎండిన కట్టెలాంటి మనిషి. ముంత కింద పెట్టి, పారేసిన గడ్డపార తెచ్చి, దాని మొన బండ అంచు కిందికి దూర్చింది. బండను ఆనుకునేలా పిడికిలంత రాయి గడ్డపార కింద పెట్టింది. కురుమయ్య ఆత్రంగా వచ్చి, తవ్వేటప్పుడు పట్టుకున్నట్టే గడ్డపారను నడుమ పట్టి నొక్కాడు. లాభం లేకపోయింది.

"నడుమ గాదురా, కొసకు రావాలె. నువ్వు పిల్లను గుంజు, పో!"

ఆమె గడ్డపార చిట్టచివర పట్టుకుని ఒళ్లంతా దాని మీద వాల్చింది. ఆ కొస రొమ్ము ఎత్తు నుంచి మోకాళ్ల దాకా దిగింది. ఇటు బండ నాలుగు వేళ్లు లేచింది, అంతే. ఆ నాలుగు వేళ్లే చాలాయి. కురుమయ్య భార్యను బయటికి లాగాడు. పాదం నుజ్జయింది గాని ప్రాణం నిలిచింది.

రామచంద్రం బండి కట్టి ఆమెను దవాఖానకు తీసుకుపోవడానికి ఎడ్ల కోసం ఉరికాడు. సైదమ్మ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కురుమయ్య మాత్రం తల్లి మణికట్ల నుంచి చూపు తిప్పుకోలేకపోయాడు. అవి అతని బొటనవేలంత లేవు. తాను ఓడిన బండ ఈ చేతులకు లేచిందంటే నమ్మబుద్ధి కావడం లేదు.

"అమ్మా, గిది నీకెవరు చెప్పిన్రే?"

"మీ బాపు పోయినంక వడ్డెరోళ్ల కాడికి పోయి అడిగిన. ఇద్దరు మనుషులు గంత బండను ఎట్ల లేపుతున్నరని. చూపెట్టిన్రు."

"పదేండ్లాయె! మరి నాకెందుకు చెప్పలే?"

హనుమమ్మ చెంగుతో కోడలి ముఖం తుడిచింది.

"ఎట్ల చెప్పాలె బిడ్డా," అంది. "మీ బాపు పోయిన దినం గూడ గడ్డపార నీ చేతులనే ఉండె."

కురుమయ్య గడ్డపార వైపు చూశాడు. ఆ రోజు కూడా దాన్ని అవతల పారేసే దూకాడు.