ఎర్ర దారం కాయలు

ఎడమచేత్తో కాయ పట్టుకుని కుడిచేత్తో కత్తెర వేశాడు. తెగిన కాయ డ్రై ఐస్ పొగలు కక్కుతున్న చల్లటి డబ్బాలో పడింది. కోసిన కాయను కాసేపు బయట ఉంచినా లోపలి గింజ మారిపోతుంది. అందుకే కోత మొదలుపెడితే మధ్యలో ఆగకూడదు. ఆ పరిశోధన క్షేత్రంలో అది రూలు.

అతన్ని అందరూ దారాల బాబాయ్ అంటారు. ఆవ చేలో ఒక్కో వారం విచ్చిన పువ్వులకు ఒక్కో రంగు దారం కట్టడం అతని పని. జుట్టు నెరిసింది, నడుం వంగింది, ఉద్యోగం మాత్రం ఇంకా టెంపరరీయే. పువ్వు రాలాక గింజలో ముందు నీళ్ళే ఉంటాయి. తర్వాత పాలు. ఆపైన ఆకుల్లోంచి దిగిన చక్కెర కొద్ది రోజుల్లోనే నూనెగా మారుతుంది. ఇప్పుడు నూనె పడుతున్నవి ఎర్ర దారం కాయలు. ఇవాళ కోయాల్సినవి అవే.

పొద్దున్నే మేనకోడలు ఫోను చేసింది.

"మావయ్యా, అమ్మ నిన్నే అడుగుతోంది. ఇవాళ గడవడం కష్టమంటున్నాడు డాక్టరు."

"మధ్యాహ్నం బస్సుకి వచ్చేస్తానమ్మా. అక్కకి చెప్పు."

తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది అక్కే. అత్తారింటికి వెళ్తూ వెంట తీసుకెళ్ళింది. వాళ్ళ కాళ్ళూ వీళ్ళ కాళ్ళూ పట్టుకుని ఈ పనిలో పెట్టించింది. "ఎవరికీ ఎదురు చెప్పకురా" అని మాట తీసుకుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు.

"ఏంటి బాబాయ్, కత్తెరకి కాళ్ళొచ్చాయి? పెళ్ళిచూపులా?" కలుపు తీస్తున్నామె నవ్వింది.

"ఈ మొహాన్ని చూసేదెవరే! అక్కకి బాలేదు."

ఆమె నవ్వు ఆగిపోయింది. "మరి ఇక్కడేం చేస్తున్నావ్? పో!"

"కోత మొదలెట్టేశానుగా."

ప్రతిసారీ ముందుగా ఒక కాయ నొక్కి చూసేవాడు. ఇవాళ చూడలేదు.

మధ్యాహ్నానికి డబ్బా ల్యాబ్‌కి చేర్చాడు. చెప్పులేసుకుంటుంటే ల్యాబ్ సారు పిలిచాడు. తెల్ల కాగితం మీద ఒక గింజ నలిపి ఉంది. తడి మచ్చ వాళ్ళు చూస్తుండగానే ఆరిపోయి కాగితం మళ్ళీ తెల్లబడింది. నూనె అయితే మచ్చ నిలవాలి.

"బాబాయ్, ఇవి ఎర్ర దారంవేనా?"

అతను ఒక కాయ దారాన్ని వెలుగులో పెట్టి చూశాడు. నారింజ రంగు. ఆ తర్వాతి వారం కట్టినవి. ఎండకు ఎర్ర దారాలు వెలిసి గులాబీ రంగుకు దిగాయి. వాటి పక్కన నారింజవి ఎర్రగా కనిపించాయి. తొందరలో అవే కోసేశాడు.

సారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పోన్లే, అసలైనవి మొక్కల మీదే ఉన్నాయిగా. గంట పని. రేపటికైతే పనికిరావు. కోసిచ్చి వెళ్ళు."

అక్క సంగతి గొంతుదాకా వచ్చింది.

"సరే సార్" అన్నాడు.

మళ్ళీ చేలోకి దిగాడు. మందపాటి గ్లౌజులు, చేతిలో కత్తెర, పక్కన పొగలు కక్కే డబ్బా. జేబులో ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. చాలాసేపు మోగింది. ఆ తర్వాత మోగలేదు. కంచె అవతల రోడ్డు మీద బస్సు వెళ్ళిన చప్పుడు వినిపించింది. అతను తల ఎత్తలేదు. ఈసారి ఒక్క కాయ కూడా తప్పు పోలేదు.

ఆస్పత్రికి చేరేసరికి పొద్దుగూకుతోంది. అక్క మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. మనిషి లేదు. మేనకోడలు కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది.

"ఎత్తలేదేం మావయ్యా?"

"చేతులు ఖాళీ లేవమ్మా."

"నీతో మాట్లాడాలని ఫోను చెవి దగ్గర పెట్టించుకుంది. రింగవుతోంది, ఎత్తుతాడు ఉండవే అంది. రెండోసారి కట్ చేయనివ్వలేదు." ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. "దానికి ముందే తల దువ్వించుకుంది. ఇలా చూస్తే వాడు బెంగపెట్టుకుంటాడంది."

కింద గదిలో సంతకం పెట్టాలంటూ నర్సు వచ్చి ఇద్దరినీ తీసుకెళ్ళింది.

మంచం పక్క స్టూలు మీద దువ్వెన ఉండిపోయింది. దాని పళ్ళ మధ్య చిక్కుకున్న తెల్ల వెంట్రుకలు ఫ్యాను గాలికి కదులుతూనే ఉన్నాయి.