దరి ఏ దిక్కు?

వంట! పదహారు వేల అడుగుల కొండ ఎక్కాలని రెండేళ్లుగా తెల్లారగట్ల లేచి పరుగులు తీసిన మనిషికి చివరికి దక్కింది వంట. కింద గుడారాల దగ్గర కూర్చుని, పైకి వెళ్లొచ్చే దొరబాబులకు వేడివేడి కిచిడీ వండి పెట్టాలట. ఆ మాట చెవిన పడగానే స్వప్నకు ఒళ్లంతా భగ్గుమంది. కిచిడీ వండడానికి హిమాచల్ దాకా పోవాలా? లాల్‌పేట్ గని క్వార్టర్లలో పొయ్యి లేదా, బియ్యం లేవా?

అది తొంభై ఆరు మే నెల. చంద్రపూర్ రోడ్ల మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. ఆ ఎండలో ట్రెకింగ్ క్లబ్ వాళ్లంతా ఒక బడి గదిలో ఫ్యాను కింద చేరి మంచు గురించి మాట్లాడుకుంటున్నారు. ఊళ్లోకి కొత్తగా దిగిన కూల్‌డ్రింకు కంపెనీ ఒకటి వీపు మీద తన పేరు గుమ్మమంత అచ్చేసి ఎనిమిది జాకెట్లు పంపింది. జాకెట్లు ఎనిమిది కాబట్టి శిఖరం మీదికి కూడా ఎనిమిది మందే. కంపెనీకి ఫొటోలో అందరి వీపులూ ఒకేలా కనపడాలి మరి!

క్లబ్ పెద్ద పిదూర్కర్ సార్ ఆ బళ్లోనే భూగోళం చెప్పే మాస్టారు. మనిషి మంచివాడు, కానీ ఎవరు ముందు మాట్లాడితే వాళ్లను నమ్మేస్తాడు. ఆయన బోర్డు మీద కొండ బొమ్మ వేసి ప్రయాణమంతా వివరించాడు. మనాలీ దాటాక పైగాలికి ఊపిరి అలవాటు పడేదాకా ఆగాలి. తర్వాత మంచు వాలు. అసలు పరీక్ష ఆ పైన ఉంది. అక్కడ దారంటూ ఉండదు, కొండ వెన్ను ఒక్కటే ఉంటుంది. దాని మీద కాళ్లతో పాటు చేతులూ వాడుతూ, రాయి రాయీ తడిమి చూసుకుంటూ పాకాలి. గాలి లేస్తే పక్కవాడి మాట సగమే వినపడుతుంది. ఎండకు మంచు మెత్తబడకముందే వెనక్కి తిరగాలి, లేదంటే అంతే సంగతులు. ఎక్కడిదాకా పోయాక వెనుదిరగాలో, శిఖరం కళ్ల ముందే కనపడుతున్నా ఎవరి మాట మీద ఆగిపోవాలో ముందే తేల్చుకోవాలని అడిగింది స్వప్నే. మంచి ప్రశ్న అని సార్ మెచ్చుకున్నాడు కూడా. అది జరిగి పావుగంట కాలేదు, ఎనిమిది పేర్లు చదివారు, అందులో ఆమె పేరు లేదు.

పేర్లు చదివినవాడు సుదర్శన్, జట్టు నాయకుడు. రాజురా దగ్గర పల్లెలో తరతరాలుగా ఉంటున్న తెలుగు రైతుల బిడ్డ. స్వప్న మాత్రం మంచిర్యాల దగ్గర అమ్మమ్మ ఇంట్లో తెలుగు బళ్లో చదువుకుని, గనిలో పనిచేసే తండ్రి సమ్మయ్య దగ్గరికి డిగ్రీ కోసం రెండేళ్ల కిందటే వచ్చింది. ఆమెకు వచ్చిన మరాఠీ అంతా కూరగాయల బజారులో, బస్సులో నేర్చుకున్నదే. క్లబ్‌లో తెలుగు వచ్చిన మనిషి మరొకడు సుదర్శనే. అందుకే ఆమె అతన్ని అన్నా అని పిలిచేది. బస్సులో పక్కన కూర్చున్నప్పుడు, మన భాషోళ్లు దొరికితే పానం లేచొస్తదని అతనే అనేవాడు. బస్సు దిగి నలుగురి మధ్యకు రాగానే నాలుక మరాఠీకి తిప్పేసేవాడు, అది వేరే సంగతి.

తన పేరు ఎందుకు లేదని స్వప్న నిలదీసింది. సుదర్శన్ కిటికీ వైపు చూస్తూ, ఈమె చెప్పిన మాట వినదు సార్ అన్నాడు. మాణిక్‌గఢ్‌లో చూశారు కదా అన్నాడు.

మాణిక్‌గఢ్‌లో జరిగింది అందరికీ గుర్తే. వానాకాలంలో ఆ కొండకోట గోడ మీద సాధన చేస్తుంటే మబ్బు కమ్మింది. ముందు నడుస్తున్న సుదర్శన్ ఎడమవైపు చేయి చూపిస్తూ 'దరీ! దరీ!' అని గట్టిగా అరిచాడు. స్వప్న చటుక్కున ఎడమ పక్కకు అడుగేసింది. కాలి కింద రాయి ఊడి లోయలోకి దొర్లిపోయింది. వెనకున్న వైశాలి సంచి పట్టి లాగబట్టి సరిపోయింది. ఆ రోజు అందరూ చీవాట్లు పెడితే స్వప్న కిక్కురుమనలేదు. పాపం మబ్బులో అన్నే పొరబడి అటు పొమ్మన్నాడనుకుని, పదిమందిలో అతని పరువు తీయడం ఎందుకని ఊరుకుంది.

ఇప్పుడు ఆ వైశాలే, కోపంగా కాదు, బాధగానే అడిగింది. అంత గట్టిగా అరిచినా అటే ఎందుకు పోయావు అని. స్వప్న జవాబు చెప్పబోతూ బోర్డు వైపు చూసింది. సార్ గీసిన కొండ వెన్నుకు అటూ ఇటూ, కిందికి బాణపు గుర్తులు పెట్టి, రెండు చోట్లా ఒకే మాట రాసి ఉంది. హిందీ అక్షరాలే కాబట్టి కూడబలుక్కుని చదివింది. దరీ.

అప్పుడు వెలిగింది ఆమెకు. మరాఠీలో దరీ అంటే లోయ! పడితే ఎముక కూడా దొరకని లోతు. తెలుగులో దరి అంటే ఒడ్డు. మునిగేవాడు చేరాల్సిన చోటు. బావిలో ఈత నేర్పేటప్పుడు తాత గట్టు మీద నిలబడి 'దరికి రా బిడ్డా, దరికి రా' అనేవాడు. ఆ పిలుపు విన్న ఒళ్లు మబ్బులో దరి అనగానే దరి వెతుక్కుంది. ఆమె మాట వినకపోవడమా? విన్నది కాబట్టే చావబోయింది!

వచ్చీరాని మరాఠీలో అదంతా చెప్పింది. వెనక బెంచీ నుంచి ఎవడో, బజారులో దరీ అంటే కింద పరుచుకునే జంపఖానా కదా, గోడ మీద పడుకోవడానికి పరిచామనుకుందేమో అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. సార్ మాత్రం నవ్వలేదు. నీకు తెలుసుగా, ఈ అమ్మాయి చెప్పేది నిజమేనా అని సుదర్శన్‌ని అడిగాడు.

సుదర్శన్ లెక్క వేసుకున్నాడు. నిజమంటే తప్పు ఆ కేక వేసినవాడిదవుతుంది, నాయకత్వం పోతుంది. నాకు తెలుగు అంతగా రాదు సార్, మా ఇంట్లో కూడా మరాఠీయే అన్నాడు.

ఎంత మాట! దసరాకు వాళ్లింటికి వెళ్తే వాళ్లమ్మ జొన్నరొట్టె పెట్టి, వాడు చేతులు కడుక్కోలేదని అచ్చమైన తెలుగులో అరగంట తిట్టింది. వాడూ అంతే తెలుగులో ఎదురు తిట్టాడు. ఆ నోరేనా ఇది? పేరు పోయినందుకు కాదు, అబద్ధాలకోరుగా నిలబడాల్సి వచ్చినందుకు మండిపోతూ స్వప్న ఇంటిదారి పట్టింది.

ఇంటికొచ్చి చెబితే తల్లి ఆగమ్మ, పీడ పోయింది, పోకు బిడ్డా అంది. సమ్మయ్య మాత్రం తింటున్న పళ్లెం పక్కకు నెట్టేశాడు. తల్లి భాష రాదన్నోడు తల్లిని ఏమని పిలుస్తాడో రాజురా పోయి ఆమెనే అడుగుతానని చొక్కా తొడిగాడు. తల్లీకూతుళ్లు ఇద్దరూ పట్టుకుని కూర్చోబెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆదివారం విసాపూర్ దగ్గరి పాత రాతి క్వారీలో సాధన. కింద ఉండేవాళ్లు తాళ్లు, నీళ్లు మోయడానికి రావాలన్నారు. స్వప్న వెళ్లింది. ముఖం చాటేస్తే తప్పు ఒప్పుకున్నట్టు కదా, అందుకే వెళ్లింది.

సుదర్శన్ జాకెట్ తొడుక్కుని మరీ ఎక్కుతున్నాడు, ఆ ఎండలో, ఫొటో కోసం! అతని నడుముకు కట్టిన తాడు పైనున్న కొక్కెంలోంచి కిందికి దిగి వైశాలి నడుముకున్న ఇనుప బిళ్లలో దూరుతుంది. అతను ఎక్కేకొద్దీ ఆమె తాడు లాగుతూ ఉండాలి, జారితే బిగించాలి. నాలుగు నిలువుల ఎత్తుకు పోయాక చెమట చేయి రాయి మీద జర్రున జారింది.

"ఓ అవ్వా! పట్టు! పట్టు పట్టు!"

తల్లిని పిలుస్తూ సుదర్శన్ వేసిన ఆ తెలుగు కేకకు క్వారీ అంతా మార్మోగింది. మరాఠీలో పట్టా అంటే నడుముకు కట్టే బెల్టు. వైశాలి తన పట్టా ఊడిందేమోనని ఉలిక్కిపడి తాడు వదిలి రెండు చేతులతో నడుము తడుముకుంది. తాడు సర్రున పరుగు తీసింది. పక్కనే ఉన్న స్వప్న ఎగిరి దాన్ని ఒడిసిపట్టింది. అరచేతుల తోలు లేచిపోయినా వదల్లేదు. వెనక్కి వంగి, పక్కనున్న రాతి మొనకు రెండు చుట్లు చుట్టి బిగించింది. సుదర్శన్ రెండు నిలువుల ఎత్తులో గిరగిరా తిరుగుతూ ఆగాడు.

దించు అన్నాడు. దించలేదు. అందరూ మూగారు, సార్ కూడా వచ్చాడు. స్వప్న తలెత్తి చూసింది. ఈసారి అన్నా అనలేదు.

"దరి అంటే ఏంది సుదర్శన్?"

"ముందు కిందికి దించు స్వప్నా, పానం పోతుంది."

"నీకు తెలుగు రాదు గదా. నేనేం అడుగుతున్ననో ఎట్ల సమజైంది?"

తిరుగుతున్న తాడు అతన్ని ఒకసారి రాతివైపు, ఒకసారి మనుషులవైపు తిప్పుతోంది. తల దించుకుందామంటే కిందే అందరూ ఉన్నారు.

"నీ అవ్వను పిలిచిన భాషల అబద్ధమాడినవ్. అందరికి చెప్పు. ఆళ్ల భాషలనే చెప్పు."

అప్పుడు చెప్పాడు, మరాఠీలో. తెలుగులో దరి అంటే ఒడ్డు అని. ఆమె అటు అడుగేసినప్పుడే తనకు తెలిసిందని. అయినా నోరు మూసుకున్నానని. ఎవరూ నవ్వలేదు. జంపఖానా అన్నవాడు వెనక్కి జరిగాడు. స్వప్న చుట్లు విప్పి మెల్లగా, ఒక్క కుదుపు లేకుండా కిందికి దించింది.

నేల మీద కాలు ఆనగానే అతను జాకెట్ విప్పి ఆమె ముందు పెట్టాడు. ఆమె దాని వంక కూడా చూడలేదు. పైకి వెళ్లేవాళ్లలో ఇక ఆమె పేరు ఉంటుందని సార్ తనంతట తానే చెప్పాడు.

"జాకెట్ లేకుంటే మా బాపు స్వెటర్ ఏసుకుంట సార్" అంది మరాఠీ, తెలుగు కలగలిపి. "కొండమీద ఏం మాట ఒర్రాల్నో ముందుగాల ఖాయం చేయున్రి. ఎవరికి ఎట్ల ఇనవడ్తదో ఒక్కొక్కల్ని అడిగి ఖాయం చేయున్రి."

క్వారీ నీడలో అందరూ కూర్చున్నారు. లోయకు వేరే మాట ఎంచారు. జారితే ఏమని అరవాలని సార్ అడిగాడు. వైశాలి స్వప్న అరచేతులకు తడిగుడ్డ చుడుతూ, ఇందాక నేను తప్పుగా విన్న మాటే పెట్టండి, చచ్చేదాకా మరిచిపోను అంది. పట్టా అని పలికి చూసుకుంది.

స్వప్న సుదర్శన్ వైపు చూసింది, చూస్తూనే ఉంది.

"పట్టా కాదు" అన్నాడు సుదర్శన్ అందరి ముందు, నేల చూస్తూ. "పట్టు."