పడమటి పేట కుర్చీ

సమావేశం మధ్యాహ్నం రెండింటికి పెట్టారు. ద్రాక్ష కోతల కాలంలో ఆ వేళకు తోట వదిలి ఎవరొస్తారులే అని మండలివాళ్ళ ధీమా. అయినా కూలీలు వచ్చారు. ముఖాలకు కట్టుకున్న గుడ్డలు మెడలోకి జార్చుకుని, కాలేజీ పాలకమండలి గదిలో గోడల వెంట నిలబడ్డారు.

పడమటి పేట తరఫు సభ్యుడు చనిపోయాడు. ఆ కుర్చీలో ఎవరినో ఒకరిని మిగతా ఆరుగురు నియమించాలి. పేటవాళ్ళు అడిగేది చేలాని. ఆమె పగలంతా ద్రాక్ష కోసి, ఆ కాలేజీ రాత్రి తరగతుల్లో చదువుకున్న మనిషి. ఆమెకు పోటీ తోట యజమాని విట్లాక్. పేటలో ఒక ఇల్లు కొని, దాని తాళం కూడా తీయకుండా అదే తన చిరునామా అంటున్నాడు.

విట్లాక్‌కు మూడు చేతులు లేచాయి. నాలుగోది లేవకపోతే నియామకం ఆగి ఎన్నిక వస్తుంది. అందరూ నికనోర్ వైపు చూశారు. పక్క పేట నుంచి కూలీల యూనియనే నిలబెట్టి గెలిపించిన సభ్యుడతను. తనను నియమిస్తే, కూలీలను రాత్రి తరగతులకు తీసుకెళ్ళే కాలేజీ బస్సు ఆపనివ్వనని విట్లాక్ పొద్దున అతనికి మాటిచ్చాడు. నికనోర్ చెయ్యెత్తాడు.

"అమ్ముడుపోయావురా!"

"మా భుజాలెక్కి మా నెత్తినే తంతావా!"

చేలా అరవలేదు. దగ్గరికొచ్చి నిలబడింది. "నీ బిడ్డ జ్ఞానస్నానానికి జ్ఞానతల్లిగా నిలబడి, నిన్ను కొంపాద్రే అని వరసపెట్టి పిలిచేదాన్ని. నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

"బస్సు పోతుందేమోనని..."

"బస్సు వాడి అబ్బ సొత్తా? మనం కొట్లాడి తెచ్చుకుందే కదా!"

ఆ రోజు నుంచి నికనోర్ కూతురి ముఖం చూడలేకపోయాడు.

చట్టంలో ఒక దారి ఉంది. నెలలోగా ఆ పేట ఓటర్లు తగినంతమంది సంతకాలు పెడితే నియామకం రద్దై ఎన్నిక జరగాలి. చేలా సంతకాల కాగితాలు ఒక రాత అట్టకు తగిలించి పట్టుకుని విట్లాక్ తోట ముందు రోడ్డు మీద నిలబడింది. నికనోర్ అక్కడికి చేరేసరికి ఆమెను పోలీసులు కారెక్కిస్తున్నారు. తోటలో అడుగు పెట్టిందట. అట్ట లాక్కున్నారు. కాగితాలు మాత్రం పేటకు చెందిన ముసలి కూలీ తోమాసా రవికలో దాచేసింది.

"నేను సంతకం పెడతాను," అన్నాడు నికనోర్.

"నీ ఓటు ఈ పేటలో లేదుగా, చెల్లదు," అంది తోమాసా. "మమ్మల్ని ముంచడానికైతే చెల్లింది."

"తప్పు చేశాను. మిమ్మల్నడక్కుండా మీ కుర్చీ వాడికిచ్చేశాను."

ఎవరూ ఫర్వాలేదనలేదు. తోటలోంచి మేస్త్రి కేకేశాడు: "ద్రాక్ష తొట్టెలూ ట్రక్కూ దొరవి! వాటి మీద కాగితం పెట్టారా, పని ఊడుద్ది!"

"రాద్దామంటే బల్లైనా లేదే," అన్నారెవరో.

నికనోర్ మోకాళ్ళ మీద చేతులాన్చి వంగాడు. తోమాసా ఒక్క క్షణం చూసి కాగితం అతని వీపు మీద పరిచింది. ఓటు లేని కూలీలు కోత కత్తులు తీసుకుని, పని ఆగకుండా ఓటున్నవాళ్ళ ద్రాక్ష వరసలు కోయడానికి తోటలోకి వెళ్ళారు. ఓటున్నవాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చారు. వాళ్ళు రాసే ప్రతి పేరూ చొక్కాలోంచి గుచ్చుకుంటోంది. ఇంకా గట్టిగా రాస్తే బాగుండుననిపించింది నికనోర్‌కు.

నడుం పట్టేసి కొంచెం లేవబోయాడు.

"కదలకు," అంది తోమాసా. "ఇంకా చానామందున్నారు."