హెల్మెట్ తీసిన పైలట్

వానలు పట్టేలోగా మేం చేయాల్సిన పనులు ఇవి. మాలో ఒక్కరు తప్ప ఎవరూ చూడని విదేశీ సినిమా కథను అరచేతి బొమ్మల పుస్తకానికి సరిపడేలా ముక్కలు చేయాలి. ముక్కకొక బొమ్మ గీయించాలి. రాకెట్ లోపల ఎలా ఉంటుందో ఎక్కడైనా వెతికి పట్టుకోవాలి. పక్క ఊరి ప్రచురణశాల కంటే ముందే అచ్చుకు పంపాలి. సినిమా తీసినవాళ్ళను అనుమతి అడగడం ఈ పనుల్లో లేదు. అది 1981. అలా అడగాలని చైనాలోని మా హాన్‌కౌలో ఎవరికీ తట్టలేదు.

నేను పడవ నడిపేవాడి కూతుర్ని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. పుస్తకంలో మాటలు నావి, బొమ్మలు మెంగ్ మాస్టారివి. సంపాదకుడు రువాన్ గారు షాంఘైలో ఆ సినిమా ఒకసారి చూసొచ్చి, నువ్వుల ముద్ద కలిపిన నూడిల్స్ తింటూ మాకు కథ చెప్పారు. సినిమా మధ్యలో కునుకు తీసినట్టున్నారు, మూడో గ్రహం దగ్గర కథ ఒక్క గెంతు గెంతింది. పైలట్ అమ్మాయి ఎలా ఉంటుందని అడిగితే బాగానే ఉంటుందన్నారు. మాకు దొరికిన ఫోటోలో ఆమె వీపే కనిపిస్తోంది.

మాస్టారు తోచినట్టు గీసుకుపోయారు. అంతరిక్ష నౌకలో మీటలన్నీ బట్టల మిల్లువే. కెప్టెన్ పక్కన థర్మాస్ ఫ్లాస్కు కూడా పెట్టారు. పైలట్‌కు మాత్రం గుండ్రటి మొహం, కాస్త పైకి లేచిన ఎడమ కనుబొమ్మ. ప్రతి పేజీలోనూ అదే మనిషి, ఎక్కడా తేడా లేదు.

బొమ్మలన్నీ అయ్యాక హాంకాంగ్ నుంచి ఒక పత్రిక వచ్చింది. అందులో పైలట్ మొహం ఉంది. కోలమొహం, తెల్లజుట్టు.

రువాన్ గారు బొమ్మలు ముందు పరిచి, "ఏం మాస్టారూ, మీ పైలట్ మన నూడిల్స్ కొట్టు పిల్లలా ఉందేమిటి?" అన్నారు.

"నక్షత్రాల్లో వాళ్ళకు మాత్రం ఆకలెయ్యదా?" అన్నారు మాస్టారు. ఎవరూ నవ్వలేదు. మొహాలన్నీ మార్చాల్సిందేనని తేలింది.

మా పనిలో తప్పు దిద్దాలంటే బొమ్మంతా మళ్ళీ గీయరు. చిన్న కాగితం మీద కొత్త మొహం గీసి, పాతదాని మీద పిండి జిగురుతో అంటిస్తారు. తర్వాత ఊడదీస్తే కింది గీతలు కూడా చిరిగి వస్తాయి. మాస్టారి చూపు మందగించిందని, అతికించే పని నేను చేస్తానన్నాను.

"వద్దమ్మా," అన్నారాయన. "మా పిల్ల మొహం మీద కాగితం నేనే వేస్తాను."

అప్పుడు చెప్పారు. కూతురి పేరు యాలాన్. సాంస్కృతిక విప్లవం నడిచిన ఆ పాడు సంవత్సరాల్లో, పట్నం పిల్లలందరితో పాటు ఉత్తరాది పొలాల్లో పనికి పంపితే, అక్కడే జ్వరంతో పోయింది. ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ, సోదాలకు భయపడి, అంతకుముందే భార్యాభర్తలు తమ చేతులతోనే కాల్చుకున్నారు.

మళ్ళీ గీసుకోవచ్చు కదా అన్నాను. "పదేళ్ళు గీశాను. గీసినప్పుడల్లా ఎవరో పరాయి పిల్ల వచ్చింది. ఈసారి పరాయి పిల్లను గీద్దామని కూర్చుంటే అది వచ్చింది. మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు," అన్నారు.

అన్ని మొహాలూ ఆయనే కప్పారు. నేను పక్కన కూర్చుని కత్తెర అందించాను. బొమ్మలు అచ్చుకు వెళ్ళాయి. వెళ్ళినవి ప్రచురణశాల సొత్తు, తిరిగి రావు.

పుస్తకం వచ్చాక, అద్దె పుస్తకాల బల్లల మీద పిల్లలు ఒక పేజీ చూసి వెక్కిరించసాగారు. పైలట్ హెల్మెట్ తీసే పేజీలో మొహం వేరు. అతికించిన కాగితం దారిలో ఎక్కడో ఊడిపోయింది.

వానలకు జిగురు తడిసిందని మాస్టారు చెప్పారు. ఆయన పటిక వేసి కాచే జిగురు ఏ వానకూ ఊడగా నేను చూడలేదు. ఆ మాట రువాన్ గారికి చెప్పలేదు. రెండో ముద్రణలో ఆ పేజీ సరిచేశారు. మాస్టారిని బొమ్మల నుంచి తీసి అట్టల మీద అక్షరాలు రాసే పనిలో పెట్టారు. తర్వాతి చలికాలం ఆయన పోయారు. ఇంట్లో చితాభస్మం పెట్టెకు ఒక పక్క ఆయన ఫోటో, ఇంకో పక్క పుస్తకం నుంచి కత్తిరించిన ఆ పేజీ పెట్టింది ఆయన భార్య.

పాత పుస్తకాల అంగట్లో మీకెప్పుడైనా మొదటి ముద్రణ దొరకవచ్చు. హెల్మెట్ తీసిన పేజీ దగ్గర, అచ్చువాళ్ళ పొరపాటని నవ్వకండి. ఆ పిల్ల పేరు మెంగ్ యాలాన్. దయచేసి గుర్తుపెట్టుకోండి.