కుక్కలున్న పొడుం డబ్బీ

పొద్దున్నే పొయ్యి మీద నీళ్లు పెట్టి, అవి కాగేలోపు కోడలు చేసే పని ముక్కుపొడుం డబ్బీకి అంటిన నెత్తురు తుడవడం.

అది పాతకాలపు బంగారు డబ్బీ. చుట్టూ గ్రీకుల పురాణ కథలు చెక్కి ఉన్నాయి. పక్కల మీద ఒకడు సింహం గొంతు నులుముతుంటాడు, ఇంకొకడు ఎద్దు తలవాడితో కలబడుతుంటాడు. వాళ్లతో పేచీ లేదు, కాస్త చెమట పడతారంతే. గోలంతా మూత మీది కథతోనే. ఏటిలో స్నానం చేస్తున్న దేవతను ఒక వేటగాడు చూశాడు. ఆవిడకు కోపమొచ్చి వాణ్ణి దుప్పిని చేసేసింది. ఇంకేముంది, వాడు పెంచిన కుక్కలే వాడి మీద పడ్డాయి. రోజూ చీలుస్తాయి, రోజూ ఆ దుప్పి మళ్లీ లేచి నిలబడుతుంది.

"ఇవాళ మరీ కారిందే," అంది అత్త తొంగిచూసి. "కింద గుడ్డ వేసుకో. బల్లకి మరకైతే వదిలి చావదు."

డబ్బీ కోటాయనది. ఎండలో కూడా కోటు విప్పడు కాబట్టి ఆ పేరు. మూత వదులైందని వారం కింద బాగుచేయమని ఇచ్చాడు, ఇవాళ సాయంత్రం వచ్చి తీసుకుంటానన్నాడు. ముందు గదిలోనే వాళ్ల బంగారప్పని. మామకు చేతులు వణుకుతాయి. కొడుకు బేరాలు మాట్లాడతాడు. పని కోడలిది.

ఆ పొద్దున టీ చల్లారిందని కొడుకు చేతికందింది విసిరాడు. అందింది డబ్బీ. కోడలు తల వంచింది. డబ్బీ పోయి ఇనప దిమ్మకు తగిలింది. తీసి చూస్తే దుప్పి లేదు. అది ఉన్నచోట మూత అణిగి నున్నగా అయిపోయింది. తినడానికేమీ లేక కుక్కలు మూతంతా తిరుగుతున్నాయి, దోమలు మూగినట్టు సన్నగా మొరుగుతూ.

"నీవల్లేనే ఇదంతా," అన్నాడు కొడుకు. "తల అడ్డం పెట్టి ఉంటే డబ్బీకి ఏమీ అయ్యేది కాదు."

కోడలు డబ్బీని కొంగుతో తుడిచింది.

"సాయంత్రానికి దుప్పి లేవాలి. లేవకపోతే ఆ కుడిచెయ్యి కూడా తలుపు సందులో పెడతాను," అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఎడమచెయ్యి పెట్టింది పోయిన వానల్లో. దానికి రెండు వేళ్లు ఇప్పటికీ వంగవు. అన్నాడంటే చేస్తాడని ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

"వాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది," అంది అత్త. "ఆడదానివి, నువ్వే సర్దుకుపోవాలి."

మామ లక్క కరిగించి మూతను దాని మీద బోర్లించాడు. లోపలినుంచి ఉలితో తడుతూ పోతే పైన బొమ్మ ఉబ్బుతుంది. ఆ తర్వాత తిప్పి, ముఖం దిద్దాలి. వంగని వేళ్లతో ఉలి నిలవదు కదా, అందుకని మామే వణికే చేతులతో దాన్ని ఆమె ఎడమచేతికి గుడ్డపేలికతో కట్టాడు.

కాళ్లు వచ్చాయి. కొమ్ములు వచ్చాయి. కళ్ల దగ్గర ఆమె సుత్తి ఆగిపోయింది.

"మామయ్యా, నేను దుప్పిని ఎన్నడూ చూడలేదు. కళ్లెలా పెట్టను?"

"అది దుప్పి కాదమ్మా, మనిషి. మనిషి కళ్లే పెట్టాలి. బాగా దగ్గరనుంచి చూసిన కళ్లేవైనా ఉంటే అవి పెట్టు."

ఆమె దగ్గరనుంచి చూసినవి ఒక్కరి కళ్లే. గొంతు పట్టుకుని గోడకు అదిమినప్పుడల్లా చూసింది. కుడిరెప్ప కొద్దిగా వాలి ఉంటుంది. ఎడమకంటి కొసన చిన్న గాటు. వాటిని తలుచుకోవాల్సిన పని కూడా లేకపోయింది, చెయ్యి దానంతటదే పోయింది.

కుక్కలు తిరగడం మానేశాయి. ముక్కులెత్తి వాసన పట్టాయి. అన్నీ ఒక్కసారే దూకాయి.

అప్పుడే కొడుకు గుమ్మంలో కాలుపెట్టాడు. "అయిందా?" అనబోయి "అమ్మా!" అన్నాడు. పిక్క చీరుకుపోయింది. తర్వాత భుజం. చొక్కా ఎర్రగా తడిసింది. మూత వంక చూశాడు, తన కళ్లను తను గుర్తుపట్టాడు.

"ఒసేయ్, మార్చు! ఆ కళ్లు మార్చు!" పట్టకారు తీసుకుని ఆమె కుడిచేతి మీదికి ఎత్తాడు. మూత మీద ఒక కుక్క దుప్పి ముందరి కాలు పట్టుకుని గుంజింది. అతని మణికట్టు దగ్గర ఎముక తెల్లగా కనిపించింది. పట్టకారు నేల మీద పడింది.

అత్త వచ్చి కోడలి గడ్డం పట్టుకుంది. "చెరిపెయ్యవే తల్లీ! ఒక్క దెబ్బ చాలు కదా!"

ఒక్క దెబ్బే చాలు. ఉలి ఇంకా చేతికి కట్టే ఉంది. కోడలు మామ వంక చూసింది. కన్నకొడుకు కదా. ఆయన కళ్లద్దాలు తీసేసి గోడవైపు తిరిగాడు.

"పని కుదిరింది మామయ్యా," అంది కోడలు, ఎప్పటిలాగే మెల్లగా. "ఇంకో దెబ్బ వేస్తే చెడుతుంది."

పేలిక పళ్లతో విప్పుకుంది. మూతను వేడిచేసి లక్క వదిలించి, డబ్బీకి బిగించింది. అత్త కొడుకును లోపలికి తీసుకెళ్లేసరికి కోటాయన రానే వచ్చాడు. డబ్బీని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మునుపు ఈ దుప్పికి ఇంత భయం ఉండేది కాదమ్మా. ప్రాణం పోశావు," అని మెచ్చుకుని, కోటు జేబులో వేసుకుని మెట్లు దిగాడు.

కొడుకు పెరటి తలుపు తోసుకుని కుంటుకుంటూ పరుగెత్తాడు. సందు మలుపుదాకా ఎర్రటి చుక్కలు. అతను కనిపించకుండా పోయాక కూడా మొరుగుళ్లు వినిపించాయి, ఇప్పుడు దోమల్లా కాదు, కుక్కల్లాగే.

అత్త తలుపు పట్టుకుని నిలబడింది. "వాటిని కాస్త ఆపమని చెప్పవే. నువ్వు చెబితే వింటాయేమో."

"నా మాటెందుకు వింటాయి అత్తయ్యా?" అంది కోడలు. "అవి మీ అబ్బాయి పెంచిన కుక్కలు."